డాలర్ పెన్షన్, రూపాయి ఖర్చు: రిటైరయ్యాక వెనక్కి రావాలా?

అమెరికాలో పాతికేళ్లు పనిచేసిన తెలుగువాళ్లంతా కోటీశ్వరులు కారు. నలభై దాటాక వీసా దొరికి వెళ్లినవాళ్లున్నారు. గ్యాస్ స్టేషన్‌లోనో, ఇండియన్ స్టోర్‌లోనో గంట జీతానికి నిలబడినవాళ్లున్నారు. ఒక లేఆఫ్, ఒక ఆపరేషన్, ఇద్దరు పిల్లల కాలేజీ చదువులు కలిసి దాచుకున్నదంతా ఊడ్చేసినవాళ్లున్నారు. అరవై దగ్గరపడేసరికి వీళ్ల ఇళ్లలో ఒకే మాట నలుగుతుంటుంది: ఉన్న కాస్త డబ్బుతో ఇక్కడ నెట్టుకురాలేం, హైదరాబాదో విజయవాడో విశాఖో వెళ్లిపోతే నిశ్చింతగా బతకొచ్చు కదా?

ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే. అద్దె, కూరగాయలు, పనిమనిషి జీతం పోల్చి చూసుకుని టికెట్ కొనేస్తే తేలేది మొదటి పదేళ్ల లెక్క. డెబ్భై అయిదు దాటాక ఇద్దరిలో ఒకరే మిగిలితే, పెద్ద జబ్బు చేస్తే, పిల్లల దగ్గరికి తిరిగి వెళ్లక తప్పకపోతే ఆ దారి తెరిచి ఉంచుకోవడానికి ఎంతవుతుంది? ఇది రెండో సగం. చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. ఇండియాలో బతకడం చవకే. కానీ ఆ మిగులులోంచి కొంత తిరుగు దారికి కేటాయించగలిగినవాళ్లకే ఈ నిర్ణయం కలిసొస్తుంది. ఎలాగో వరసగా చూద్దాం.

అన్నిటికంటే ముందు 40 క్రెడిట్లు

పొదుపు తక్కువగా ఉన్నవాళ్లకు అసలు ఆస్తి సోషల్ సెక్యూరిటీ పెన్షనే. అది రావాలంటే 40 క్రెడిట్లు ఉండాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు కాబట్టి కనీసం పదేళ్ల పని అన్నమాట. 2025లో ఒక్కో క్రెడిట్‌కు 1,810 డాలర్ల సంపాదన కావాల్సి వచ్చింది. ఆ ఏడాది మొత్తంలో 7,240 డాలర్లు సంపాదిస్తే నాలుగూ పడేవి. అంటే 36 దగ్గర ఆగిపోయినవాళ్లు ఇంకో ఏడాది పార్ట్‌టైమ్ చేసినా చాలు. 39 దగ్గర విమానం ఎక్కితే మాత్రం వచ్చేది సున్నా.

ఇండియాలో పీఎఫ్ కట్టిన ఏళ్లను ఇందులో కలుపుకోవచ్చా అని కొందరు అడుగుతారు. కుదరదు. చాలా యూరప్ దేశాలతో అమెరికాకు అలాంటి ఒప్పందాలున్నాయి, భారత్‌తో లేదు.

భార్య ఉద్యోగం చేయకపోయినా, భర్త ఖాతా మీద ఆమెకు అతని పూర్తి పెన్షన్‌లో సగం దాకా వస్తుంది. భార్య సంపాదించి భర్త ఇంట్లో ఉన్నా ఇదే వర్తిస్తుంది. తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు ఇచ్చే ఎస్ఎస్ఐ మాత్రం వేరే పథకం. దేశం దాటి 30 రోజులు గడిస్తే అది ఆగిపోతుంది. దాని మీద ఆధారపడినవాళ్లకు ఇండియా ప్రయాణం చుట్టపుచూపుకే పరిమితం.

మియాపూర్‌లో ఒక నెల

ఒక జంటను ఊహించుకుందాం. డాలస్ శివార్లలో ఉంటారు, ఇద్దరికీ 62 ఏళ్లు. రిటైర్మెంట్ ఖాతా 401కె, బ్యాంకు అన్నీ కలిపి 2 లక్షల డాలర్లున్నాయి. భర్తకు 67వ ఏట పెన్షన్ తీసుకుంటే నెలకు 1,600 డాలర్లు, ఆయన ఖాతా మీద భార్యకు 800 డాలర్లు వస్తాయి. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అద్దెకు తీసుకుంటే నెలకెంతవుతుందో భర్త కాగితం మీద ఇలా రాశాడనుకుందాం.

అద్దె 28,000. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 4,000. వంటమనిషి, పనిమనిషి కలిపి 12,000. కిరాణా, పాలు, కూరగాయలు, పండ్లు 20,000. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్, ఫోన్లు 6,000. బీపీ, షుగరు మందులు, పరీక్షలు 8,000. ఆటోలు, క్యాబులు 8,000. ఆరోగ్య బీమా ఏడాదికి 1,20,000, అంటే నెలకు 10,000. పెళ్లిళ్లు, పేరంటాలు, చదివింపులు, బయట భోజనాలు 14,000. మొత్తం 1,10,000 రూపాయలు.

కాగితం చూసి భార్య ఒకటే అడుగుతుంది: "ఏమండీ, మనవరాలిని చూడ్డానికి వెళ్లే టికెట్లు ఇందులో ఎక్కడున్నాయి?"

అసలు కిటుకు ఆ పద్దులోనే ఉంది. ఏడాదికోసారి ఇద్దరూ అమెరికా వెళ్లి రావడానికి టికెట్లు, ప్రయాణ బీమా, చేతిఖర్చు కలిపి 3 లక్షలు అనుకున్నా నెలకు 25,000 అదనం. మొత్తం 1,35,000కు చేరింది. ఈ అంకెలు ఉజ్జాయింపువి. గుంటూరులో, రాజమండ్రిలో అద్దె తగ్గుతుంది, గచ్చిబౌలిలో రెట్టింపవుతుంది. సొంత ఫ్లాటు ఉంటే అద్దె పోతుంది కానీ ఆస్తిపన్ను, రిపేర్లు వస్తాయి. మీ కాగితం మీ ఇంటి లెక్కతో మీరే రాసుకోవాలి. టికెట్ల పద్దు లేకుండా మాత్రం రాయకండి.

62లోనా, 67లోనా?

లెక్క తేలిక కోసం డాలర్‌కు 85 రూపాయలు అనుకుందాం. ఇప్పుడు అంతకంటే ఎక్కువే పలుకుతోంది. అయినా కాస్త తక్కువ వేసుకోవడమే క్షేమం.

1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పూర్తి పెన్షన్ వయసు 67. 62కే తీసుకుంటే భర్త పెన్షన్‌లో 30 శాతం కోత పడి 1,600 కాస్తా 1,120 అవుతుంది. భార్య వాటా 800 నుంచి 520కి దిగుతుంది. ఇద్దరికీ కలిపి 1,640 డాలర్లు, అంటే సుమారు 1,39,000 రూపాయలు. ఖర్చు 1,35,000. బొటాబొటిగా సరిపోయింది.

67 దాకా ఆగితే 2,400 డాలర్లు, అంటే 2,04,000 రూపాయలు. కానీ ఈ అయిదేళ్లు గడిచేదెలా? పొదుపులోంచి నెలకు 1,35,000 చొప్పున తీస్తే అయిదేళ్లకు 81 లక్షలు, సుమారు 95,000 డాలర్లు. రెండు లక్షల్లో దాదాపు సగం కరిగిపోతుంది. బదులుగా 67 నుంచి నెలకు 760 డాలర్లు ఎక్కువ, అదీ జీవితాంతం, ఏటా పెరుగుతూ. వడ్డీ, పెరుగుదల పక్కన పెట్టి మామూలు లెక్క వేస్తే, ముందే తీసుకోనందుకు వదులుకున్న 98,400 డాలర్లు తిరిగి రావడానికి పదకొండేళ్లలోపే పడుతుంది. 78వ ఏటికి సమానమవుతుంది. ఆ తర్వాత బతికిన ప్రతి నెలా లాభమే.

వెనక్కి రావడంలో ఉన్న పెద్ద ప్రయోజనం నిజానికి ఇదే. డాలస్‌లో ఉండి 95,000 డాలర్లతో అయిదేళ్లు గడపడం ఈ జంటకు సాధ్యం కాదు, ఉద్యోగం పోయిన మరుసటి నెలే పెన్షన్‌కు దరఖాస్తు పెట్టాల్సి వస్తుంది. ఇండియా చవకదనం వాళ్లకు పెన్షన్‌ను ఆపుకునే ఓపికను ఇస్తోంది. ఆరోగ్యం బాగుండి, ఇంట్లో పెద్దలు ఎనభై దాటి బతికిన చరిత్ర ఉంటే చవకదనాన్ని జల్సాకు కాకుండా ఈ ఆగడానికి వాడుకోవడం మంచిది. గుండెజబ్బో, ఇంకో తీవ్రమైన సమస్యో ఉంటే ముందే తీసుకోవడంలో తప్పేమీ లేదు.

ఇంకొక్కటి గుర్తుంచుకోవాలి. దంపతుల్లో ఒకరు పోతే రెండు పెన్షన్లలో పెద్దది మిగులుతుంది, చిన్నది ఆగిపోతుంది. 2,400 కాస్తా 1,600 అవుతుంది. ఖర్చు మాత్రం మూడో వంతు తగ్గదు. అద్దె అంతే, పనిమనిషి అంతే, పైగా తోడుకు మనిషిని పెట్టుకోవాల్సి రావచ్చు. కాబట్టి నెల లెక్క ఇద్దరికీ ఒకటి, ఒక్కరికి ఒకటి, విడివిడిగా వేయాలి.

రూపాయి పడిపోతుంటే మనకు లాభమేనా?

2005లో డాలర్‌కు సగటున 44 రూపాయలు. 2025లో 87 ప్రాంతం. ఇరవై ఏళ్లలో దాదాపు రెట్టింపైంది, అంటే సగటున ఏటా మూడున్నర శాతం. డాలర్లలో పెన్షన్ తీసుకునేవాళ్లకు ఇది ఏటా జీతం పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ అదే కాలంలో ఇక్కడ అద్దెలు, బడి ఫీజులు, ఆసుపత్రి బిల్లులు, పనివాళ్ల జీతాలు అంతకంటే వేగంగా పెరిగాయి. ఖర్చు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతుంది. 62వ ఏట 1,35,000తో మొదలైన నెల 74కు 2,70,000 అవుతుంది. 8 శాతమైతే తొమ్మిదేళ్లే చాలు.

ఇక్కడ సోషల్ సెక్యూరిటీ మేలు చేస్తుంది. అమెరికా ధరలను బట్టి దాన్ని ఏటా సవరిస్తారు. 2010, 2011, 2016లో ఒక్క సెంటు కూడా పెరగలేదు, 2023లో ఏకంగా 8.7 శాతం పెరిగింది. అక్కడి పెరుగుదల, ఇక్కడి రూపాయి పతనం రెండూ కలిస్తే గత ఇరవై ఏళ్లలో ఆ పెన్షన్ ఇండియా ధరలతో దాదాపు సమానంగా నడిచింది. ముందు కూడా అలాగే నడుస్తుందన్న హామీ లేదు. అయినా ఒక సూత్రం స్పష్టం: డాలర్లలో పెరుగుతూ వచ్చే ఆదాయం ఇక్కడి ధరలను తట్టుకుంటుంది, రూపాయల్లోకి మార్చి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టిన డబ్బు మీద వచ్చే వడ్డీ తట్టుకోదు.

కాబట్టి వచ్చీ రాగానే పొదుపంతా రూపాయల్లోకి మార్చి ఫ్లాటు కొనేయడం తొందరపాటే. బయట ఉన్నప్పుడు సంపాదించిన ఆస్తులను తిరిగొచ్చాక కూడా బయటే ఉంచుకోవడానికి మన విదేశీ మారక చట్టం ఫెమా అనుమతిస్తుంది. రెండు మూడేళ్ల ఖర్చుకు సరిపడా ఇక్కడ ఉంచుకుని, మిగతాది అక్కడే ఉంచి, ఏటా అవసరమైనంత తెచ్చుకోవడం నయం.

పొదుపులోంచి ఎంత తీయొచ్చు అన్నదానికి 1994లో విలియం బెంగెన్ చెప్పిన 4 శాతం సూత్రం ప్రసిద్ధం. మొదటి ఏడాది పొదుపులో 4 శాతం తీసి, తర్వాత ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోతే ముప్ఫై ఏళ్లు నడుస్తుందని ఆయన లెక్క. ఆ లెక్క అమెరికా మార్కెట్లకూ అమెరికా ధరలకూ వేసింది. ఇండియా ధరలకు ఖర్చుపెట్టేవాళ్లు మూడు, మూడున్నర దగ్గర ఆగితే నిద్ర పడుతుంది.

మెడికేర్: అందరూ దాటవేసే పద్దు

వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. 65 నిండేదాకా అది రాదు. ఆ లోపు ప్రైవేటు బీమా ప్రీమియం కట్టలేకే చాలామంది ఇండియా వైపు చూస్తారు. ఆ ఆలోచన సబబే. 65 వచ్చాకే అసలు చిక్కు మొదలవుతుంది.

మెడికేర్ కొన్ని అరుదైన సందర్భాల్లో తప్ప అమెరికా బయట పనిచేయదు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌లో చేరినా, కార్పొరేట్ ఆసుపత్రిలో చేరినా ఒక్క డాలర్ ఇవ్వదు. 40 క్రెడిట్లు ఉంటే ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఉచితం, దాన్ని తీసుకుని ఉంచుకోవడానికి ఖర్చు లేదు. డాక్టర్ల ఫీజులు, పరీక్షలు చూసే పార్ట్ బి కి మాత్రం నెలనెలా కట్టాలి. 2025లో అది మనిషికి 185 డాలర్లు. ఇండియాలో ఉంటూ వాడని బీమాకు ఎందుకు కట్టాలి అనిపించడం సహజం. కానీ చేరాల్సిన సమయంలో చేరకపోతే, ఆలస్యమైన ప్రతి పూర్తి పన్నెండు నెలలకూ ప్రీమియం మీద 10 శాతం జరిమానా పడుతుంది, అదీ జీవితాంతం.

65కు చేరకుండా 75వ ఏట తిరిగి వెళ్లారనుకోండి. జరిమానా 100 శాతం, అంటే ప్రీమియం రెట్టింపు. 2025 ధరల్లో నెలకు 370 డాలర్లు. మరోవైపు, ఆ పదేళ్లూ ఇండియా నుంచి కడుతూ ఉంటే మనిషికి 22,200 డాలర్లు, దాదాపు 19 లక్షల రూపాయలు. ఇద్దరికీ 38 లక్షలు. తిరిగి వెళ్లాక పదేళ్లు బతికితే గానీ రెండు లెక్కలూ సమానం కావు. అంకెల వరకే చూస్తే కట్టకపోవడమే లాభంలా ఉంది.

అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సమయం దాటినవాళ్లు మామూలుగా జనవరి 1 నుంచి మార్చి 31 మధ్యనే పార్ట్ బి లో చేరాలి. చేరిన మరుసటి నెల నుంచి అది అమల్లోకి వస్తుంది. ఏప్రిల్‌లో ఇక్కడ క్యాన్సర్ అని తేలి, పిల్లలు వెంటనే వచ్చేయమంటే, తొమ్మిది నెలల పైన ఆగాలి లేదా జేబులోంచి పెట్టుకోవాలి. అమెరికాలో జేబులోంచి క్యాన్సర్ వైద్యం అంటే రెండు లక్షల డాలర్ల పొదుపు ఎన్ని నెలలు నిలుస్తుందో చెప్పనక్కర్లేదు. పార్ట్ బి కి కట్టే ప్రీమియం తిరుగు దారికి నెలవారీ అద్దె లాంటిది. పెద్ద జబ్బు వస్తే అక్కడికే వెళ్తాం, పిల్లలు ఒప్పుకోరు అనేవాళ్లు కట్టుకోవడమే మేలు. చివరిదాకా ఇక్కడే, ఏ వైద్యమైనా ఇక్కడే అని ఇద్దరూ గట్టిగా అనుకున్నవాళ్లు మానేయొచ్చు. అసలు తేలాల్సింది ఆ గట్టితనమే.

మరి ఇక్కడి బీమా? 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినవాళ్లకు కూడా కొత్త పాలసీలు అమ్మడానికి వీలుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వయసు పరిమితిని తీసేసింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా వర్తించడానికి ఆగాల్సిన కాలాన్ని గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ పోయింది. ఇవన్నీ మంచి మార్పులే. అయినా షుగరు, బీపీ, స్టెంటు ఉన్న 66 ఏళ్ల మనిషికి కంపెనీ పాలసీ ఇవ్వాలనే నిర్బంధం లేదు. ఇచ్చినా మొదటి మూడేళ్లు ఆ జబ్బులకు వర్తించకపోవచ్చు. చాలా కంపెనీలు ఎన్నారైలకూ అమ్ముతాయి కాబట్టి రావడానికి మూడేళ్ల ముందే పాలసీ తీసుకుంటే, దిగే నాటికి ఆ గడువు అయిపోతుంది. ఈ ఒక్క పని ముందుచూపుతో చేసినవాళ్లకు సగం దిగులు తీరుతుంది.

ఇండియా వైపు బలంగా మొగ్గే విషయం కూడా ఒకటుంది. మంచానపడ్డ మనిషికి స్నానం చేయించి, అన్నం పెట్టి, రాత్రి పక్కన పడుకునే సాయానికి మెడికేర్ డబ్బులివ్వదు. అమెరికాలో అసిస్టెడ్ లివింగ్ నెలకు 5,000 డాలర్లు దాటడం మామూలే. అదే హైదరాబాద్‌లో ఇంట్లో ఉండే అటెండెంట్ ముప్ఫై వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతారు. మంచి మనిషి దొరకడం, నిలవడం కష్టమే కానీ ఖర్చులో పోలికే లేదు. ఆపరేషన్లకు అమెరికా బీమా, మంచం పట్టాక ఇండియా మనుషులు అన్నది చాలా కుటుంబాల అనుభవసారం.

చేతిలో ఏ పాస్‌పోర్టు?

అమెరికా పౌరసత్వం తీసుకుని భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డుతో రావడం ఒక దారి. భారత పౌరులుగానే ఉండి, గ్రీన్‌కార్డును వదిలేసి రావడం రెండోది. మనసుకు రెండోది దగ్గరగా ఉండొచ్చు, డబ్బుకు మాత్రం తేడా పెద్దదే.

అమెరికా పౌరులకు సోషల్ సెక్యూరిటీ ఇండియాలో ఎన్నేళ్లున్నా వస్తుంది. భారత పౌరులకు కూడా, 40 క్రెడిట్లున్న పక్షంలో వస్తుంది. కానీ గ్రీన్‌కార్డు వదిలేసి నాన్ రెసిడెంట్‌గా మారినవాళ్ల పెన్షన్‌లో 85 శాతం మీద 30 శాతం పన్నును ముందే పట్టుకుంటారు. అంటే మొత్తం మీద 25.5 శాతం. 1,600 డాలర్లలో 408 అక్కడే పోయి, చేతికి వచ్చేది 1,192. అంత చిన్న పెన్షన్ మీద అమెరికా పౌరులకు పన్ను పడటమే అరుదు. భర్త ఖాతా మీద భార్యకు వచ్చే వాటా కూడా, ఆమె పౌరురాలు కాకపోతే, కనీసం అయిదేళ్లు ఆ బంధంతో అమెరికాలో ఉన్నట్టు చూపితేనే ఇండియాకు వస్తుంది.

గ్రీన్‌కార్డు అలాగే ఉంచుకుని ఇండియాలో ఉండిపోదాం అనుకోవడం కూడా కుదరదు. ఏడాది దాటి బయట ఉంటే నివాసం వదిలేసినట్టే భావిస్తారు. బయల్దేరే ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకుంటే రెండేళ్ల దాకా గడువు దొరుకుతుంది, అంతే. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. పౌరులు కాకుండా, అమెరికాలో నివాసం లేకుండా చనిపోయినవాళ్లకు అక్కడి షేర్లు, ఆస్తుల్లో 60,000 డాలర్లు దాటిన భాగం మీద ఎస్టేట్ టాక్స్ పడుతుంది, పై శ్లాబులో అది 40 శాతం. పౌరులకు మాత్రం మినహాయింపు కోటి డాలర్ల పైన ఉంది.

పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు, ఓటు పోతాయి. ఓసీఐతో జీవితాంతం ఉండొచ్చు, ఇల్లు కొనొచ్చు, ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే ఆధార్ కూడా తీసుకోవచ్చు. పొలం, ఫామ్‌హౌస్, తోటలు కొనడానికి మాత్రం వీల్లేదు, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. రిటైరయ్యాక ఊళ్లో రెండెకరాలు కొని మామిడి మొక్కలు వేద్దామన్న కల ఉన్నవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

ఓసీఐ ఉన్నవాళ్ల సౌలభ్యం ఎంతటిదో బయటి దేశాలతో పోలిస్తే తెలుస్తుంది. థాయ్‌లాండ్‌లో రిటైర్మెంట్ వీసాకు 8 లక్షల బాత్ బ్యాంకులో చూపాలి, లేదంటే నెలకు 65,000 బాత్ ఆదాయం చూపాలి. పనామా నెలకు 1,000 డాలర్ల జీవితకాల పెన్షన్ అడుగుతుంది. పోర్చుగల్ ఎంతోమంది రిటైరీలను ఆకర్షించిన పన్ను రాయితీని 2024 నుంచి కొత్తవాళ్లకు మూసేసింది. పుట్టిన దేశం కాబట్టి మనవాళ్లకు ఆ తిప్పలు లేవు.

ఏ నెలలో దిగాలి?

పన్నుల విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. ఏప్రిల్ నుంచి మార్చి దాకా సాగే ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్ అవుతారు. అక్టోబర్ మొదటి వారం దాటాక దిగితే ఆ ఏడాది 182 రోజులు నిండవు. చాలాఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు ఆ తర్వాత మామూలుగా రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు, రెసిడెంటే అయినా మామూలు రెసిడెంట్ కాని ఆర్ఎన్ఓఆర్ హోదా ఉంటుంది. ఆ కాలంలో విదేశీ ఆదాయం మీద ఇండియాలో పన్ను లేదు. 401కె లోంచి పెద్ద మొత్తం తీయాలన్నా, అమెరికాలో ఇల్లు అమ్మాలన్నా ఇదే అదను. వాటి మీద అమెరికా పన్ను మాత్రం ఎటూ ఉంటుంది.

సోషల్ సెక్యూరిటీ మీద పన్ను వేసే హక్కు రెండు దేశాల ఒప్పందం ప్రకారం అమెరికాదే. ఆర్ఎన్ఓఆర్ హోదా ముగిశాక మాత్రం విదేశాల్లోని ఖాతాలన్నీ ఇక్కడి రిటర్న్‌లో చూపాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడే ప్రమాదం ఉంది. అమెరికా పౌరులు ఇండియాలోని ఖాతాల మొత్తం 10,000 డాలర్లు దాటితే ఏటా అక్కడ విదేశీ ఖాతాల నివేదిక అయిన ఎఫ్‌బార్ దాఖలు చేయాలి. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు కొంటే అమెరికా పన్ను లెక్క నరకమవుతుంది, వాటి జోలికి పోకపోవడం మంచిది. బయల్దేరే ముందు రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌కు ఇచ్చే ఫీజు దండగ కాదు.

కాగితానికి అందనివి

పాతికేళ్ల కిందట వదిలివెళ్లిన ఊరు అక్కడే లేదు. అన్నదమ్ముల పిల్లలు బెంగళూరులోనో, సిడ్నీలోనో ఉన్నారు. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటులో కూడా పిల్లలు బయట ఉన్న పెద్దవాళ్లే. వేసవిలో విజయవాడ ఎండ అరవై అయిదేళ్ల ఒంటికి కొత్తగా అనిపిస్తుంది. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఉదయపు నడక సాహసమే. మరోపక్క భాష, గుడి, పిలిస్తే పలికే మనుషులు, కారు నడపకపోయినా గడిచిపోయే రోజు అమెరికా శివార్లలో దొరకవు. డ్రైవింగ్ మానేసిన రోజున డాలస్ ఇల్లు జైలవుతుంది. ఇక్కడ క్యాబు ఫోన్‌లోనే ఉంటుంది.

ఇందులో దంపతులిద్దరి మనసూ ఒకటే కానక్కర్లేదు. చాలా ఇళ్లలో భర్తకు ఊరు లాగుతుంది, భార్యకు మనవలు లాగుతారు. ఎవరికి ఒంటరిగా మిగిలే అవకాశం ఎక్కువో ఆ మనిషి మాటకే ఎక్కువ బరువు ఇవ్వాలి.

అమ్మకుండా, అద్దెకు దిగి చూడండి

నిర్ణయం ఒక్కసారిగా తీసుకోనక్కర్లేదు. ఏడాదిపాటు ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉండి చూడండి. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక జ్వరం ఇక్కడే గడవాలి. ఆ ఏడాదిలో అమెరికా బ్యాంకు ఖాతా, ఓటీపీ వచ్చే అక్కడి ఫోన్ నంబరు, పిల్లల ఇంటి చిరునామా తప్పకుండా ఉంచుకోండి. ఇండియా చిరునామా ఇస్తే కొన్ని బ్రోకరేజీ సంస్థలు ఖాతాల మీద ఆంక్షలు పెడతాయి. పెన్షన్ మొదలయ్యాక, బతికే ఉన్నారా, వివరాలేమైనా మారాయా అని సోషల్ సెక్యూరిటీ వాళ్లు ఏడాదికో రెండేళ్లకో ఫారం పంపుతారు. దాన్ని నింపి పంపకపోతే పెన్షన్ ఆగిపోతుంది. రెండు దేశాల్లో వీలునామాలు రాసి, పిల్లల్లో ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి.

ఏడాది చివర మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఒకటి, ఇద్దరిలో ఒక్కరే మిగిలినా ఆ ఒక్క పెన్షన్‌తో ఇక్కడ గడుస్తుందా? రెండు, ఖర్చు పన్నెండేళ్లలో రెట్టింపైతే పెన్షన్‌కు తోడుగా పొదుపు ఎన్నేళ్లు ఆదుకుంటుంది? మూడు, పెద్ద జబ్బు వస్తే ఎక్కడ చూపించుకుంటాం, దానికి ఏర్పాటు ఉందా?

మూడింటికీ జవాబు ఉంటే, పొదుపు రెండు లక్షల డాలర్లే అయినా నిశ్చింతగా రావచ్చు. 40 క్రెడిట్లు నిండనివాళ్లు, పౌరసత్వం దరఖాస్తు మధ్యలో ఉన్నవాళ్లు ఇంకో ఏడాది రెండేళ్లు ఆగడం తెలివైన పని. ఆ కొద్దికాలపు ఓపిక జీవితాంతం పెన్షన్ తెచ్చిపెడుతుంది. ఇక మూడో ప్రశ్నకు "పిల్లలు చూసుకుంటారు లే" అన్నది ఒక్కటే జవాబైతే, ఆ పిల్లల్ని కూర్చోబెట్టి, ఎవరు, ఎంత, ఎక్కడ అని ఈ అంకెలు ముందు పెట్టి అడగండి. వాళ్లు ఒప్పుకున్నది కాగితం మీద రాసుకున్నాకే ఇల్లు అమ్మకానికి పెట్టండి.